ముఖం ఎర్రబడి మండుతుంటే: రోజేషియాకు మన ఊళ్లలో వైద్యం ఎలా చేయించుకోవాలి

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలోనో కర్నూలులోనో మధ్యాహ్నం బయటికెళ్లి వస్తే ఎవరి ముఖమైనా కమిలిపోతుంది. చన్నీళ్లతో కడుక్కుని, ఫ్యాను కింద కూర్చుని ఇన్ని మజ్జిగ తాగితే కాసేపట్లో సర్దుకుంటుంది. అలా సర్దుకోకుండా బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం మీద ఆ వేడి వారాల తరబడి ఉంటే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, మధ్యలో మొటిమల్లాంటి పొక్కులు కూడా లేస్తుంటే అది ఎండ ప్రభావం ఒక్కటే కాకపోవచ్చు. రోజేషియా అనే చర్మవ్యాధి కావచ్చు. దీంతో ప్రాణానికి ముప్పు లేదు, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. కాకపోతే చాలాకాలం వెంట ఉంటుంది. సరైన డాక్టరు దగ్గరికి చేరేలోపు ముఖం మీద మనం చేసే ప్రయోగాలు చాలాసార్లు జబ్బు కన్నా ఎక్కువ నష్టం చేస్తాయి. కాబట్టి ఏం పూయాలన్నది తర్వాత సంగతి. ఏం ఆపాలి, ఎవరికి చూపించుకోవాలి, వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి అన్నవి ముందు చూద్దాం.

ముందు అద్దంలో చూసుకోండి

ఇంటర్నెట్‌లో రోజేషియా అని వెతికితే వచ్చే ఫొటోలు దాదాపు అన్నీ తెల్లవాళ్లవే. చామనఛాయ ముఖాన్ని వాటితో పోల్చుకుంటే "నాకు ఇది కాదులే" అనిపిస్తుంది. మన రంగులో ఎరుపు అంతగా తేలదు. కొంచెం నల్లబడినట్టో, ఊదా కలిసిన గోధుమ రంగులోనో కనబడుతుంది. డాక్టర్లు కూడా కొన్నిసార్లు దీన్ని మామూలు మొటిమలనుకునేది అందుకే. కాబట్టి కంటికి కనిపించేదాంతో పాటు మీ ముఖానికి తెలిసేదాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఉన్నట్టుండి ముఖంలోంచి సెగలు వస్తున్నట్టుంటుందా? సబ్బు తగిలినా, కొత్త క్రీము రాసినా చురుక్కుమంటుందా? దురద కన్నా మంటే ఎక్కువా?

తర్వాత పగటి వెలుతురులో, కిటికీ పక్కన నిలబడి చూడండి. పొక్కులు ఉంటే వాటి మధ్య బ్లాక్‌హెడ్స్ (చర్మ రంధ్రాలు పూడుకుపోయి కనిపించే నల్ల చుక్కలు) ఉన్నాయా? మొటిమలైతే సాధారణంగా ఉంటాయి, రోజేషియాలో ఉండవు. వయసు కూడా ఒక సూచనే. మొటిమలు ఎక్కువగా పదిహేను, పదహారేళ్ల వయసులో మొదలవుతాయి. రోజేషియా చాలామందిలో ముప్పై దాటాక బయటపడుతుంది. ముక్కు పక్కన, బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు గీతల్లా కనిపిస్తున్నాయేమో చూసుకోండి. మగవాళ్లలో కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ ముక్కు మీది చర్మం దళసరెక్కి గడ్డలు గడ్డలుగా అవుతుంది. దాన్ని చూసి ఊళ్లో "తాగుబోతు ముక్కు" అనేస్తారు. చుక్క ముట్టని వాళ్లకూ ఇది వస్తుంది.

కళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడడం, రెప్పల అంచులు ఎర్రబడడం, కంటికురుపులు మాటిమాటికీ రావడం కూడా రోజేషియా లక్షణాలే. కొందరికి ముఖం కన్నా ముందు కళ్లలోనే మొదలవుతుంది.

ముఖం ఎర్రబడే జబ్బులు ఇంకా చాలా ఉన్నాయి. నలుపు తప్ప మంటా వేడీ ఏమీ లేకపోతే అది మంగు కావచ్చు. ముక్కు పక్క మడతల్లో, కనుబొమ్మల్లో పొట్టు రాలుతూ తలలో చుండ్రు కూడా ఉంటే అది వేరే సమస్య. పొలం పని చేసేవాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో విపరీతమైన దురదతో చర్మం మందం కట్టిందంటే వయ్యారిభామ మొక్క వల్ల వచ్చిన అలర్జీని అనుమానించాలి. మన గట్ల మీద, రోడ్ల పక్కన దానికేం కొదవ? రెండు బుగ్గలూ ఎర్రబడడంతో పాటు కీళ్ల నొప్పులు, జ్వరం, నోటిపూత, జుట్టు రాలడం ఉంటే లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే మన శరీరం మీద దాడి చేసే జబ్బు) ఏమో చూడాలి. అందులో ఆలస్యం చేయకూడదు. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. నలభై ఐదు, యాభై ఏళ్ల ఆడవాళ్లకు ఆవిర్లు వచ్చి ఒళ్లంతా చెమట పడుతుంటే నెలసరి ఆగే వయసు వల్ల కూడా కావచ్చు. వీటిలో మీది ఏదో ఇంట్లో తేల్చుకోనక్కర్లేదు. డాక్టరుకు ఏం చెప్పాలో తెలిస్తే చాలు.

పూస్తున్న ట్యూబు పేరు చదవండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మన దగ్గర ముఖం మీద ఏం వచ్చినా మొదట వెళ్లేది మందుల షాపుకే. "అన్నా, మొగానికి ఏదన్నా మంచి ట్యూబు ఇయ్యి" అంటాం. అతనో ట్యూబు ఇస్తాడు. పూసిన రెండు రోజులకే ముఖం తేటపడుతుంది, తెల్లబడినట్టు కూడా ఉంటుంది. ఆ ట్యూబు అక్క నుంచి చెల్లెలికి, వదిన నుంచి మరదలికి చేరుతుంది. ఆర్నెల్లయ్యేసరికి చర్మం పలచబడి, ఎండలోకి వెళ్తే మంట, రక్తనాళాలు పైకి తేలడం, పొక్కులు. ట్యూబు ఆపితే ఇంకా మంట, అందుకని మళ్లీ అదే పూయడం. ఇది అచ్చంగా రోజేషియాలా ఉంటుంది. అసలు రోజేషియా ఉన్నవాళ్లు పూస్తే అది ఇంకా ముదురుతుంది.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. గజ్జి, తామర ట్యూబుల్లోనూ, ముఖం తెల్లబడుతుందని అమ్మే ట్యూబుల్లోనూ వేరే మందులతో కలిపి ఇవి ఉంటాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతూనే ఉన్నారు. అడిగేది మనమే కాబట్టి తప్పు షాపువాళ్లది మాత్రమే అనలేం.

మీరు వాడుతున్నది స్టెరాయిడ్ అయితే డాక్టరుకు చూపించుకునే పని వెంటనే పెట్టుకోండి. ఎక్కువ కాలం నుంచి పూస్తుంటే ఆపిన కొద్ది రోజులకు ముఖం ఇంకా ఎర్రబడి మండుతుంది, ఉబ్బవచ్చు కూడా. ఇది ఊహించదగ్గదే. ఆ మంటకు భయపడి మళ్లీ ట్యూబు పట్టుకుంటే కథ మొదటికొస్తుంది. ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది డాక్టరు చెప్తారు. ఆ మంటను తట్టుకోవడానికి వేరే మందులూ ఇస్తారు. ఇది పూతమందుల మాట. మింగే స్టెరాయిడ్ మాత్రలను మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి.

ఇంటి వైద్యాలకూ ఇదే వర్తిస్తుంది. ముఖానికి పసుపు, నిమ్మరసం, సున్నిపిండి రుద్దడం, టూత్‌పేస్టు, ముల్తానీ మట్టి అన్నీ పక్కన పెట్టేయండి. "ఒంట్లో వేడి చేసింది" అని పెద్దవాళ్లు సబ్జా గింజలు, బార్లీ నీళ్లు ఇస్తారు. ఎండాకాలంలో అవి ఒంటికి మంచివే, సుబ్బరంగా తాగండి. ఈ జబ్బు మాత్రం వాటితో పోదు.

ఎక్కడికి వెళ్లాలి

చర్మవ్యాధుల డాక్టరుకే చూపించుకోవాలి. కర్నూలులో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన వైద్యశాల, అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కడపలో పుట్లంపల్లి దగ్గరున్న రిమ్స్ మూడూ బోధనాసుపత్రులు. చర్మవ్యాధుల ఓపీ ఏ రోజుల్లో, ఏ గదిలో ఉంటుందో విచారణ కౌంటర్లో అడగండి. పల్లె నుంచి వచ్చేవాళ్లు మొదటి బస్సుకే బయల్దేరితే మంచిది. ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు, మధ్యాహ్నానికి పల్చబడిపోతుంది.

ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఆ విభాగం బోర్డు మీద చర్మవ్యాధులతో పాటు సుఖవ్యాధులు, కుష్ఠు అని కూడా రాసి ఉంటుంది. ఆ వరసలో కూర్చుంటే తెలిసినవాళ్లు ఏమనుకుంటారో అని, ముఖ్యంగా ఆడపిల్లలు వెనక్కి వెళ్లిపోతుంటారు. మూడు జబ్బులకూ చదువు ఒకటే, డాక్టరూ ఒక్కరే, అంతకుమించి ఏమీ లేదు. ఆ వరసలో ఉన్నవాళ్లలో చాలామంది గజ్జి, తామర, మొటిమల కోసం వచ్చినవాళ్లే.

ప్రైవేటులో చూపించుకోవాలంటే ప్రొద్దుటూరు, ఆదోని, హిందూపురం లాంటి ఊళ్లలో కూడా స్కిన్ డాక్టర్లు ఉన్నారు. బోర్డు మీద పేరు పక్కన ఎం.డి. డి.వి.ఎల్., డి.డి.వి.ఎల్., డి.ఎన్.బి. లాంటి చర్మవ్యాధుల పీజీ డిగ్రీ ఉందో లేదో చూడండి. "స్కిన్ అండ్ హెయిర్" అని మెరిసే బోర్డులన్నిటి లోపలా స్కిన్ డాక్టరు ఉంటారని లేదు. కదల్లేని పరిస్థితిలో ఉంటే, ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి వీడియోలో డాక్టరుతో మాట్లాడవచ్చు. మొదటిసారి మాత్రం నేరుగా చూపించుకోవడమే మేలు. ఎరుపు ఫోన్ కెమెరాలో సరిగా పడదు, మన రంగులో మరీనూ.

వెళ్లేటప్పుడు సంచిలో ఏముండాలి

ఇప్పటిదాకా ముఖానికి పూసినవన్నీ: అయిపోయిన ట్యూబులు, ఫెయిర్‌నెస్ క్రీములు, సబ్బు అట్టలు, ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు. పారేసినట్టయితే ఆ షాపుకు వెళ్లి పేరు కనుక్కోండి. సిగ్గుపడి దాచకండి. తెల్లబడాలని క్రీము పూశానని చెప్పడానికి కొందరికి నోరు రాదు. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరు వేరే దారిలో వెళ్లిపోతారు.

బీపీ, షుగర్, థైరాయిడ్‌కు వాడే మాత్రల చీటీ కూడా పెట్టుకోండి. ఆమ్లోడిపిన్ లాంటి కొన్ని బీపీ మాత్రలతో కొందరికి ముఖం వేడెక్కుతుంది. అలాగని దాన్ని మీరే మానేయకూడదు. బీపీ డాక్టరుతో మాట్లాడి మారుస్తారు.

ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోండి. ఈ ఎరుపు పొద్దున లేకుండా సాయంత్రం ప్రత్యక్షమవుతుంది, డాక్టరు ముందు కూర్చునే వేళకు మాయమవుతుంది. ముఖం బాగా మండుతున్నప్పుడు, నీడలో, ఫిల్టర్ లేకుండా, రెండు పక్కల నుంచీ తీయండి. ఆసుపత్రికి వెళ్లే రోజు ముఖానికి పౌడరు, క్రీము ఏదీ వద్దు.

రోగుల రద్దీలో డాక్టరుకు మీతో మాట్లాడే సమయం తక్కువ. కాబట్టి చెప్పేది ముందే అనుకుని వెళ్లండి. "మేడం, రెండేళ్లుగా బుగ్గలు మండుతున్నాయి, ఎండకు వెళ్లినా వేడి టీ తాగినా ఎక్కువవుతుంది, ఈ ట్యూబు ఆరు నెలలు పూశాను, కళ్లు కూడా గరగరలాడుతున్నాయి" అంటే చాలు. గర్భవతి అయినా, బిడ్డకు పాలిస్తున్నా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా అడగకముందే చెప్పండి. మందుల ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది.

డాక్టరు ఏమిస్తారు, మీరెలా వాడాలి

రోజేషియాను తేల్చే రక్తపరీక్ష లేదు. చూసి, అడిగి, నిర్ధారిస్తారు. లూపస్ లాంటిది ఏదైనా అనుమానం ఉంటే రక్తపరీక్ష, ఎప్పుడైనా చిన్న చర్మం ముక్క తీసి పరీక్ష చేయిస్తారు. మొదటి రోజే పెద్ద పరీక్షల జాబితా రాలేదని చిన్నబుచ్చుకోకండి.

పొక్కులు ఉన్నవాళ్లకు సాధారణంగా రాసే పూతమందులు మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్, అజెలాయిక్ యాసిడ్. ఐవర్‌మెక్టిన్ కడుపులో పురుగులకు ఇచ్చే మందు కదా అని కంగారుపడకండి. మనందరి చర్మం మీదా ఉండే డెమోడెక్స్ అనే కంటికి కనబడని పురుగులు రోజేషియా ఉన్నవాళ్లలో ఎక్కువగా ఉంటాయి. ఆ మందు వాటి మీదా, వాపు మీదా పనిచేస్తుంది. ఇవేవీ స్టెరాయిడ్ ట్యూబులా రెండు రోజుల్లో మాయ చేయవు. తేడా తెలియడానికి కొన్ని వారాలు, పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. చాలామంది ఇక్కడే ఓపిక పోగొట్టుకుని పాత ట్యూబు దగ్గరికి వెళ్తారు.

మందుల షాపులో జాగ్రత్త. "ఆ కంపెనీది లేదు, ఇదీ అదే" అని వేరేది చేతిలో పెడితే మందు పేరు చదివి, చీటీలో ఉన్నది ఒక్కటే ఉందా, పక్కన స్టెరాయిడ్ కలిసిందా చూడండి. జనఔషధి కేంద్రంలో అదే మందు జనరిక్ దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది.

పొక్కులు ఎక్కువగా ఉంటే, కళ్లకు సోకితే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. వేసుకోగానే పడుకుంటే గొంతులో, అన్నవాహికలో పుండు పడవచ్చు, కనీసం అరగంట కూర్చోవాలి. పాలు, ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ సిరప్‌లతో కలిపి వేసుకుంటే సరిగా పనిచేయదు, రెండు మూడు గంటల ఎడం ఉంచండి. ఈ మాత్రతో ఎండకు చర్మం తొందరగా మాడుతుంది, మన ఎండల్లో అది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. గర్భవతులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. మొండి కేసుల్లో ఇచ్చే ఐసోట్రెటినాయిన్ కడుపులో బిడ్డకు చాలా ప్రమాదం. అది వాడుతున్నప్పుడూ, ఆపాక ఒక నెల వరకూ గర్భం రాకుండా చూసుకోవాలి.

శాశ్వతంగా తేలిపోయిన రక్తనాళాలు మందులతో పోవు. వాటికి లేజర్ ఉంది, ఒక్క సిట్టింగ్‌తో అయ్యేది కాదు. బెంగళూరో హైదరాబాదో పోవాలనుకుంటే ముందే ఫోన్ చేసి, వాళ్ల దగ్గరున్నది రక్తనాళాలకు వాడే లేజరేనా, జుట్టు తీసేదా అని అడగండి. చామనఛాయ చర్మం మీద పొరపాటున మోతాదు ఎక్కువైతే కాలిన మచ్చలు పడతాయి. మన రంగు వాళ్లకు చేసిన అనుభవం ఉందా అని నిర్మొహమాటంగా అడగండి. దళసరెక్కిన ముక్కును కూడా లేజర్‌తోనో, చిన్న ఆపరేషన్‌తోనో సరిచేయవచ్చు.

ఇంట్లో, ఎండలో, పొయ్యి దగ్గర

ముఖం గోరువెచ్చని లేదా మామూలు నీళ్లతో, నురగ తక్కువుండే ఫేస్‌వాష్‌తో కడగండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. వాసన లేని మాయిశ్చరైజర్ ఒకటి చాలు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువది. కొన్ని రాస్తే మండుతాయి, అలాంటప్పుడు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవాటిని అడగండి. దానికి డబ్బులు చాలకపోతే గొడుగు, వెడల్పు టోపీ, పల్చటి నూలు తువ్వాలు. బస్సులో కిటికీ పక్క సీటుకు పోటీపడతాం కదా, వడగాలి రోజుల్లో ఆ సీటు వేరేవాళ్లకు ఇచ్చేయండి.

పొలం పనిని పొద్దునకు, సాయంత్రానికి జరపగలిగితే జరపండి. కూలికి వెళ్లేవాళ్లకు ఆ వీలుండదని తెలుసు. వాళ్లు తడి గుడ్డ మెడకు వేసుకుని, మధ్యలో నీడన ఆగి నీళ్లు తాగడమైనా చేయాలి. జొన్నరొట్టెలు కాల్చే ఆడవాళ్ల ముఖానికి ఎండ కన్నా పెనం సెగే ఎక్కువ తగులుతుంది. అన్నీ ఒకేసారి కాల్చకుండా మధ్యలో లేవడం, వంటింట్లో గాలి ఆడేలా చూసుకోవడం, ఇంకొకరితో పని పంచుకోవడం మందులంత ముఖ్యం. ఇంట్లో మగవాళ్లు ఈ వాక్యం మరోసారి చదవాలి.

ఇక కారం. "కారం మానేయండి" అని ఒక్క మాటలో చెప్పడం తేలికే. కడపలో కారం దోశ, అనంతపురంలో ఉగ్గాని బజ్జీ, ఏ ఇంట్లో చూసినా సంగటిలోకి ఊరిబిండి. అన్నీ మానేయమంటే నాలుగో రోజుకి మందులు కూడా మానేస్తారు. నా అభిప్రాయంలో అందరూ మానాల్సిన అవసరమూ లేదు. ఒకరికి కారం పడదు, ఇంకొకరికి వేడి టీ, మరొకరికి మద్యం, కొందరికి టెన్షన్. ఒక చిన్న నోటుబుక్కులో ముఖం మండిన రోజు ఏం తిన్నారు, ఎక్కడ తిరిగారు రాసుకోండి. అనుమానం ఉన్నదాన్ని ఒక్కటే రెండు వారాలు ఆపి చూడండి. తేడా లేకపోతే హాయిగా తినండి. టీ, రసం, పులుసు పొగలు కక్కుతుండగా కాకుండా కాస్త ఆరనిచ్చి తీసుకుంటే కొందరికి అదే సరిపోతుంది.

పెళ్లిళ్ల సీజన్లో పార్లర్‌కు వెళ్తే బ్లీచ్, ఆవిరి పట్టడం, ఫేషియల్ మసాజ్ వద్దని గట్టిగా చెప్పండి. మగవాళ్లు షేవింగ్ తర్వాత పటిక, మండే లోషన్లు మానేయాలి. "ఏమ్మే, మొగానికేమైంది?" అని ప్రతి పెళ్లిలో అడిగేవాళ్లకు "డాక్టరుకు చూపిస్తున్నా" అన్న జవాబు చాలు. ఆ మాట తర్వాత వచ్చే చిట్కాలను వినండి, పూయకండి.

ఆగకూడని పరిస్థితులు

కన్ను నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే స్కిన్ ఓపీ రోజు కోసం చూడకుండా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రోజేషియా నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు (కార్నియాకు) పాకితే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. ముఖం ఒక పక్క వాచి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. కొత్త మందు వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

మామూలుగా అయితే డాక్టరు చెప్పిన తేదీకి, చెప్పకపోతే ఆరేడు వారాలకు మళ్లీ వెళ్లండి, పాత చీటీతో, మిగిలిన ట్యూబులతో. తగ్గిపోయినా వెళ్లాలి. ఏ మందు ఆపాలి, ఏది తక్కువ మోతాదులో కొనసాగించాలి అన్నది అప్పుడే నిర్ణయిస్తారు. ఈ జబ్బు అదుపులో ఉంటుంది తప్ప మళ్లీ రానే రాదని ఎవరూ రాసివ్వలేరు. అలా గ్యారంటీ ఇస్తామనే ప్రకటన కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. మీకు పనిచేసిన మందుల పేర్లు, మోతాదు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే ఎండాకాలంలో మళ్లీ ముఖం మండడం మొదలైతే ఆ ఫొటో డాక్టరుకు చూపించండి, మందుల షాపులో కాదు.